అమ్మ దాచని ఆ ఒక్క ఏడాది

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాక, ఆ రోజు జరిగిన ఒక్క మేలైనా తలుచుకుని దేవునికి వందనాలు చెప్పాకే ముద్ద ఎత్తాలి. జ్వరంతో పడుకున్న రోజు కూడా ఏదో ఒకటి దొరికేది. ఒక్క రోజు మాత్రం నాకేమీ దొరకలేదు.

నేను ఎప్పుడూ బడికి వెళ్ళలేదు. చిన్నప్పటి నుంచి ఆయాసం. దుమ్ము తగిలితే ఊపిరి అందేది కాదు. అనకాపల్లిలో మా రెండు గదుల ఇంట్లో అమ్మే నా పంతులమ్మ. పది, ఇంటరు ఓపెన్ స్కూల్లో కట్టి పాసయ్యాను. నాన్న అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేసేవారు. ఆ మందులు ఎలా తయారవుతాయో చదవాలని నా కోరిక. ఎంట్రన్సులో నాకొచ్చిన ర్యాంకుకి యూనివర్సిటీ కాలేజీలో ఫార్మసీ సీటు వస్తుందన్నారు, లోకల్ అయితేనే. నాన్‌లోకల్ కింద పడితే లేనట్టే. ప్రైవేటు కాలేజీ మాకు అందేది కాదు.

ఎవరు లోకల్ అన్నది బళ్ళు ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్లు చూసి తేలుస్తారు. బడి మొహం చూడనివాళ్ళయితే ఇంటరు దాకా చివరి ఏడేళ్ళూ వరసగా ఇక్కడే ఉన్నట్టు నివాస ధ్రువపత్రం తేవాలి. దానికోసం అమ్మా నేనూ వార్డు సచివాలయానికి వెళ్ళాం. అమ్మ ఒక గోనెసంచి మోసుకొచ్చింది. అందులో అమ్మ దగ్గర చదివిన ఏళ్ళ నా నోటుపుస్తకాలు. ప్రతి పేజీ పైన తేదీ, కింద అమ్మ సంతకం.

అక్కడి ఉద్యోగి సంచి వైపు చూడలేదు. అమ్మ నింపిన దరఖాస్తు చదివి తలెత్తాడు.

"ఏటమ్మా ఇది? మజ్జిలో ఒక ఏడాది రాయగడ అని రాసేరు?"

"నాకు ఆపరేషనైంది బాబూ. పిల్లని మా సెల్లెలింట్లో ఒగ్గేను. ఏడాదీ అక్కడే ఉంది."

"అది ఒడిశా కదమ్మా, వరస తెగిపోద్ది. ఇంకో ఫారం ఇత్తాను, ఆ ముక్క లేకుండా రాయండి. ఆధార్ ఇక్కడిదే, ఎవుడడుగుతాడు? సీటిచ్చేది కంప్యూటరు. దానికి మీ ఆపరేషన్ తెల్దు."

అమ్మ కొత్త ఫారం తీసుకుంది. పెన్ను మూత తీసింది. నేను పక్కన నిలబడి ఆమె కొంగు పట్టుకున్నాను. అంత గట్టిగా ఎప్పుడూ ప్రార్థించలేదు. ప్రభువా, ఈ ఒక్కసారికి మా అమ్మ చేత అబద్ధం రాయించు.

అమ్మ మూత పెట్టేసింది.

"ఒద్దు బాబూ. ఇన్నేళ్ళూ దీనికి పరీక్షలెట్టింది నేను. పంతులే కాపీ కొడితే ఎలాగ?"

"కాపీ రాయించే పంతుళ్ళని సూసేను గానీ, మీలాటోళ్ళని సూళ్ళేదమ్మా," అని నవ్వాడు. నా వైపు తిరిగాడు. "ఏటి పాపా, నువ్వైనా సెప్పు మీ అమ్మకి."

నేను అమ్మ కొంగు వదిలేశాను.

నివాస ధ్రువపత్రం రాలేదు. మర్నాడు సర్టిఫికెట్లు పరిశీలించే సెంటర్లో ఒక మేడమ్ మాత్రం సంచిలోంచి ఓ పుస్తకం తీసి నాలుగు పేజీలు చదివింది. "ఇవన్నీ మీరే దిద్దారా?" అని అడిగింది. అమ్మ తలూపింది. "చాలా శ్రద్ధగా చెప్పారు. కానీ వీటికి ఈ ఫారంలో గడి లేదమ్మా," అని పుస్తకం మూసి, రెండు చేతులతో తిరిగిచ్చింది. నా పేరుకి ఎదురుగా నాన్‌లోకల్ అని పడింది. ఆమె చేతిలో ఉంటే నాకు సీటు ఇచ్చేదేమో. ఆమె కుర్చీలో ఇంకొకరుంటే పుస్తకం తెరిచేవారే కాదేమో. ఆ రెండు మాటల మధ్య ఎన్ని రోజులు కొట్టుకున్నానో.

సీట్ల జాబితా వచ్చింది. రెండో విడతా వచ్చింది. రెంటిలోనూ నేను లేను.

ఆ సాయంత్రం నాన్న డ్యూటీలో ఉన్నారు. అమ్మా నేనూ అన్నం ముందు కూర్చున్నాం. అమ్మ తన వందనాలు లోలోపలే గొణుక్కుంది. ఇక నా వంతు. ఎంత వెతికినా లోపల ఏమీ లేదు. అన్నం చల్లారిపోతోంది.

"అమ్మ చేత నిజం రాయించినందుకు నీకు వందనాలు ప్రభువా," అన్నాను.

ప్రార్థనలో నేనాడిన మొదటి అబద్ధం అదే.

అమ్మ ఆమేన్ అనలేదు. నా కంచం దగ్గరికి లాక్కుని, పప్పు వేసి, చిన్నప్పటిలా తనే అన్నం కలపడం మొదలుపెట్టింది.