ముందే తెలిసిన దాడి

సైన్యంలో వైర్‌లెస్ విభాగం నుండి విరమణ పొంది అత్వెల్లిలో స్థిరపడిన కొత్తలో, ఒక మధ్యాహ్నం టీవీలో యుద్ధచిత్రం చూస్తున్నాను. ఏడాది క్రితమే కుమారుణ్ణి సరిహద్దులో పోగొట్టుకున్న పొరుగింటి మల్లమ్మ కూడా వచ్చి కూర్చుంది.

చిత్రంలో మనవారు శత్రువు రేడియో సంకేతాన్ని ఛేదించి, దాడి ఏ శిబిరంపై జరగనుందో తెలుసుకున్నారు. హెచ్చరిస్తే తాము విన్న సంగతి శత్రువుకు తెలిసిపోతుందని, ఆ శిబిరానికి చెప్పకుండా ఊరుకున్నారు.

"అన్నా, నువ్వు గూడ గీ పనే జేసినవు గద. మావోనికి గూడ గిట్లనే జెప్పలేదా?"

"నాకెరుక లేదు చెల్లె. మాది ఇనేటంత వరకే. చెప్పుడు, చెప్పకపోవుడు పెద్ద సార్ల చేతుల ఉంటది."

"అంటే గట్ల గూడ జేస్తరన్నట్టు."

మల్లమ్మ లేచి వెళ్ళిపోయింది. తెరపై, చెప్పవద్దని ఆదేశించిన అధికారి కన్నీటికి వాద్యాలు మోగుతున్నాయి. ఆ శిబిరంలో మరణించినవారిలో ఒక్కరి తల్లినైనా చూపని దర్శకునిపై నా ఆక్షేపణను ఆనాడే డైరీలో వ్రాసుకున్నాను.

మల్లమ్మ మళ్ళీ మా గడప తొక్కలేదు.