జాడీ మీది బండ

మా నాన్న కుడి మణికట్టు మీద నాలుగు మచ్చలుంటాయి. అవి మోతీ పళ్ళవి. కరిచిన గాట్లు కావు, పట్టుకున్న గుర్తులు. ఆరేళ్ళు ఒకే చోట పట్టుకుంటూ ఉంటే చర్మం మొద్దుబారి అట్లా మిగిలిపోయింది.

నాన్న పేరు పర్వతాలు. చిలకలగూడలో గిల్టు పర్వతాలు అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. రెజిమెంటల్ బజార్ దుకాణాల వాళ్ళిచ్చే ఇత్తడి గాజులు, గొలుసులు ఇంటికి తెచ్చి వాటికి బంగారు పూత పెట్టడం ఆయన పని. చేతిలో నగ ఉన్నంతసేపు అంత నెమ్మదైన మనిషి ఉండడు. నగ కింద పెట్టాక ఆ చెయ్యి ఎవరి మీద పడుతుందో చెప్పలేం. మా అమ్మ విమలమ్మకు ముందు పళ్ళు రెండు లేవు. నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. నాన్న మీద చాడీలు చెబుతున్నానని అనుకోవద్దు. మోతీ మాకు ఏమవుతాడో చెప్పాలంటే ముందు ఇది చెప్పక తప్పదు.

ఒక వానాకాలం నాన్నే కుక్కపిల్లగా ఉన్న మోతీని మురుగు మోరీలోంచి తీసి తెచ్చాడు. గోధుమ రంగు, సగం తెగిన తోక. ఏడాది తిరిగాక ఒక రోజు, ఇంటర్ లెక్కల్లో తప్పానని నాన్న నా మీద చెయ్యెత్తాడు. మోతీ ఎగిరి ఆ మణికట్టును నోట కరుచుకున్నాడు. పళ్ళు దించలేదు. నాన్న ఎంత విదిలించినా వదలకుండా వేలాడాడు. గొంతులో సన్నగా గుర్రుమంటూ, ఆ చెయ్యి మెత్తబడేదాకా అట్లాగే ఉన్నాడు.

"ఏందిరా, నన్నే పట్టుకుంటవా?" అని నాన్న నవ్వాడు. మా ఇంట్లో ఆ చెయ్యి లేచాక నవ్వు వినపడడం అదే మొదలు.

ఆ తర్వాత ఆరేళ్ళలో ఆ చెయ్యి ఎన్నిసార్లు లేచిందో, అన్నిసార్లూ మోతీ పట్టుకున్నాడు. మా మీద ఒక్క దెబ్బ పడలేదు. నాన్నకు వాడంటే పంచప్రాణాలు. కంచంలో మొదటి ముద్ద వాడికే. నేనైతే దేవుడికి దణ్ణం పెట్టడం మానేశాను. నా దేవుడు గేటు దగ్గరే పడుకుని ఉండేవాడు.

ఇక జాడీ సంగతి. వరండా పక్కన రేకుల గదిలో నాన్న పని చేసేవాడు. పూత పెట్టిన నగలను కడిగిన నీళ్ళను గిల్టు పనివాళ్ళు మోరీలో పారబోయరు, జాడీలో పోసి ఉంచుతారు. అందులో కాస్తో కూస్తో బంగారం దిగుతుంది. కొన్ని నెలలకొకసారి దాన్ని తీసుకుంటారు. ఆ నీళ్ళలో సైనైడు కూడా ఉంటుంది. అందుకే మా జాడీని నేలలో సగందాకా పాతిపెట్టి, మీద షాబాదు బండ ఒకటి కప్పేవాళ్ళం. నాన్న గదిలోంచి బయటికి వస్తే బండ కప్పాలి, తలుపు వెయ్యాలి. ఎంత కోపంలో ఉన్నా ఈ రెండూ మరిచేవాడు కాదు.

రెండువేల రెండులో మా ఎదురింటికి తుని వైపు వాళ్ళు అద్దెకు వచ్చారు. లోవలక్ష్మి, ఆమె తమ్ముడు సూరి. సూరికి ఇరవై మూడేళ్ళు. కాల్ సెంటర్లో ఉద్యోగం. రాత్రంతా అమెరికా వాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడి, తెల్లారాక కంపెనీ వ్యానులో దిగేవాడు. పగలు నిద్రపోవాలి. మోతీ పగలంతా మొరుగుతాడు. పోస్టుమాన్ వచ్చినా, కొబ్బరిబోండాల బండి వచ్చినా మొరగాల్సిందే.

"కుక్కని కాసేపు లోపల కట్టుకోండి బాబాయి గారూ. నిద్దర లేక తల తిరిగిపోతందండి," అని సూరి రెండుసార్లు వచ్చి అడిగాడు.

"కుక్క మొరగక పాటలు పాడతదా?" అన్నాడు నాన్న. మేము నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

మే నెలలో ఒక రోజు పదకొండింటికి సూరి తన ఇంటి గుమ్మంలోకి వచ్చి చెప్పు విసిరాడు. అది మోతీ మూతికి తగిలింది. మోతీ కుయ్యిమన్నాడు. గదిలో ఉన్న నాన్న ఆ కేక విని బయటికి దూకాడు. వస్తూ వస్తూ చేతికి అందిన బండ ఎత్తుకుని వచ్చాడు.

నేను మోతీని లోపలికి లాగి గేటు వేశాను. వాడు బయట ఉండి ఉంటే ఆ మణికట్టు పట్టుకునేవాడే.

నాన్న రెండు చేతులతో బండ లేపి సూరి తల మీదికి విసిరాడు. సూరి వంగాడు. బండ వెనకనున్న వాడి కొత్త బైకు మీద పడి హెడ్‌లైటు పగిలింది. నాన్న వాడి చొక్కా పట్టుకుని రెండు చెంపలూ వాయించాడు. పక్కింటి పేతురు మామ వచ్చి నాన్నను వెనక నుంచి వాటేసుకుని లాగాడు. సూరి మూతి నుంచి నెత్తురు కారుతోంది. వాడికి ఏడుపొస్తోంది.

"ఈ కుక్కని ఇయ్యాలే సంపేత్తానండి. సూడండి, సంపేత్తాను," అన్నాడు. చంపుతానని కూడా అండీ పెట్టే అన్నాడు పిచ్చివాడు.

పేతురు మామ నాన్నను సందు చివరి హోటల్లో కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. అమ్మ, నేను గేటు బయట నిలబడి, చూడడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ జరిగింది చెప్పిందే చెబుతున్నాం. లోపల ఎండలో మొరిగి మొరిగి మోతీ గొంతు బొంగురుపోయింది. వాడి గిన్నెలో నీళ్ళు పొయ్యడం నా పని. పొయ్యలేదు. కాసేపటికి మొరుగుడు ఆగింది. ఆగిందని కూడా మాకు తెలియలేదు.

అరగంటకు నాన్న తిరిగొచ్చేసరికి మోతీ తులసికోట పక్కన పడి ఉన్నాడు. నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి నురగ. ఊపిరి లోపలికి పోవడం లేదు. నాన్న వాడి తల ఒళ్ళో పెట్టుకుని, కుడి చెయ్యి వాడి నోటికి అందించాడు. పట్టుకోరా, పట్టుకోరా అన్నాడు. మోతీ దవడలు ఒకసారి బిగిసి వదులైపోయాయి.

నాన్న ఏడవలేదు. గోడకు ఆనించిన ఇనుప కడ్డీ తీసుకుని ఎదురింట్లోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. లోవలక్ష్మి బియ్యం ఏరుతూ గుమ్మంలో ఉంది. ఆమెను పక్కకు నెట్టి, నాన్న లోపలికి పోగానే బయట గడియ పెట్టింది నేనే. తలుపుకు వీపు ఆనించి నిలబడింది నేనే.

లోపల మొదటి దెబ్బ చప్పుడు చాపను కర్రతో దులిపినట్టు వినిపించింది. రెండోదానికి సూరి అరిచాడు. "ఏటండీ? ఏటైందండీ?" అంటున్నాడు. దెబ్బకు దెబ్బకు మధ్య అదే అడుగుతున్నాడు.

"అనుపమా, తియ్యమ్మా. మావోడు సచ్చిపోతాడమ్మా," అని లోవలక్ష్మి నా కాళ్ళు పట్టుకుంది.

"మా మోతీని సంపిండు. సావనీ," అన్నాను. ఆమె చేతుల మీద కాలు పెట్టి తొక్కాను కూడా. ఆ రోజు నాకు జాలి లేదు. ఉందని ఇప్పుడు అబద్ధం చెప్పను.

పేతురు మామ నన్ను జుట్టు పట్టి లాగేసి తలుపు తీశాడు. గోడ మీద నెత్తురు నిలువెత్తున పడింది. సూరి కుడి చెయ్యి మోచేతి కింద వేరే దిక్కుకు తిరిగి ఉంది. కుడి కన్ను నెత్తుటిలో కనపడలేదు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

"పోలీసులు వచ్చే లోపల వీనిని పాతిపెట్టాలె," అన్నాడు నాన్న. ఆ కడ్డీతోనే ప్రహరీ పక్కన గుంత తవ్వాడు. తన పని తువ్వాలులో చుట్టి మోతీని దింపి మట్టి పూడ్చాడు. వీధికుక్కలు తవ్వకుండా మీద బరువు పెట్టాలి.

"జాడీ మీది బండ పట్టుకరా బిడ్డా," అన్నాడు.

నేను రేకుల గదిలోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. జాడీ మీద బండ లేదు. నీళ్ళు అంచుకు జానెడు కిందికి దిగి ఉన్నాయి. అంచు మీద గోధుమ రంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

తిరిగి వచ్చి, "బండ లేదు నాన్నా. జాడీ తెరిచి ఉంది," అన్నాను. నాన్న వీధిలోకి చూశాడు. బైకు కింద, పగిలిన గాజు ముక్కల మధ్య మా బండ పడి ఉంది. ఆయన గుంత పక్కనే కూలబడ్డాడు. నేనే వెళ్ళి బండ తెచ్చి మోతీ మీద పెట్టాను. జాడీ అంచు మీది వెంట్రుకలు తీసి, పీట ఒకటి బోర్లించాను. ఆ తర్వాతే పోలీసుల జీపు వచ్చింది.

సూరి బతికాడు. కుడి కన్ను పోయింది. కుడి చేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. ఉద్యోగం పోయింది. ఏడాదిన్నరకు కేసు విచారణకొచ్చింది. సూరి విషం పెట్టి కుక్కను చంపాడని చెబితే శిక్ష బాగా తగ్గుతుందని మా వకీలు అన్నాడు. వాడు చంపుతానన్న మాట సందంతా విన్నది. నిజం తెలిసింది మా ఇంట్లో ముగ్గురికే.

"నువ్వు జైలుకు పోతే అమ్మ ఏం గావాలె? నోరు మూసుకుని ఉండు," అని నేనే నాన్నను తిట్టాను. ఆయన సరేనన్నాడు.

కోర్టులో సూరిని మా వకీలు నిలదీశాడు. "కుక్కను చంపుతానని అందరి ముందూ అన్నావు. ఆ తర్వాత ఆ అరగంట ఏం చేశావు?"

సూరి ఒంటికన్నుతో నాన్న వైపు చూశాడు. వాడి చూపులో కోపం కూడా లేదు.

"మూతి కడుక్కుని పడుకున్నానండి. కుక్క అరుస్తానే ఉందండి. కాసేపటికి ఆగిపోయిందండి. బాబాయి గారు పాపం లోపల కట్టేసుకున్నారు, మంచోరే అనుకున్నానండి. మూడు రోజుల తరవాత అప్పుడే నిద్దర పట్టిందండి."

బోనులో ఉన్న నాన్న ఎడమ చేత్తో తన కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను, వద్దని. ఆయన నన్ను చూడలేదు.

"నా మోతీని నేనే సంపిన సార్. బండ నేనే తీసిన," అన్నాడు.

మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఇప్పుడు గిల్టు పని లేదు, జాడీ లేదు. పొద్దున లేచి మోతీ మీది బండను నీళ్ళతో కడుగుతాడు. దాని పక్కన కుర్చీ వేసుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కూర్చుంటాడు. వీధిలో ఏ కుక్కయినా మొరుగుతూ మొరుగుతూ ఆగిపోతే చాలు, లేచి గేటు దాకా పరుగెత్తుతాడు.