బానెట్లో విభూది

ఆ రోజుల్లో, అంటే డిప్లొమా కాగితం చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఎవరు ఏమడిగినా జవాబు సిద్ధంగా ఉండేది, అది తప్పని తేలేసరికి నేను ఇంకో జవాబులో ఉండేవాణ్ణి. ఇప్పుడు ఒరగడం అనే ఊరివైపు ఒక కంపెనీలో పని చేస్తున్నాను. కారు ఇంజను వేడి పక్కనున్న సామాన్లకు తగలకుండా అడ్డుపెట్టే రేకులు తయారుచేస్తాం. కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ "సార్, మీకు ఈ లైన్ మీద ఆసక్తి ఎట్లా వచ్చింది?" అని అడుగుతారు. "చిన్నప్పట్నుంచీ ఉందిలే" అని గొణిగి టీ తాగడానికి వెళ్లిపోతాను. ఆవుపేడతో వచ్చిందని చెబితే ఆఫీసులో మర్యాద దక్కదు కదా!

మా ఊరు ఆర్.కె.పేట పక్కన, తెలుగూ అరవమూ కలగలిసే చోట. మా తాత ఎప్పుడో ఎవరి దగ్గరో కొన్న పాత పెట్రోలు కారొకటి మా కొట్టంలో, చెరుకు గడల పక్కన ఉండేది. తాత పోయాక దాన్ని నడిపినదానికన్నా తోసింది ఎక్కువ. మా నాయనకు అదంటే పడదని ఇంట్లో అందరికీ తెలుసు. "తినేది ఏనుగంత, పొయ్యేది నత్తంత" అని దాని ముందు నిలబడే తిట్టేవాడు. నాకు మాత్రం ప్రాణం. కొంచెం ఊపిరాడేలా చేస్తే అది మళ్లీ పరుగెత్తుతుందని నా నమ్మకం. ఆ ఊపిరి తిరువళ్లూరులో ఉండే మా అత్త కొడుకు చేతిలో ఉంది. సైలెన్సర్లు అతికే షాపు పెట్టుకున్నాడు కాబట్టి చుట్టాలందరికీ అతను సైలెన్సర్ బావ (నిజానికి అంత గట్టిగా మాట్లాడే మనిషి మా వంశంలోనే లేడు).

ఇంజను పొగ బయటికి పోయే లావుపాటి పోత ఇనుము గొట్టాన్ని పీకేసి, దాని చోట సన్నటి స్టీలు గొట్టాలు నాలుగు వంచి బిగించాడు బావ. వాటిని హెడర్లంటారు. తాళంచెవి తిప్పగానే వీధిలో కోళ్లు గోడెక్కాయి. "విన్యావా మచ్చా! ఇంజను ఇప్పుడు సుమ్మా జుమ్మని పాట పాడతాండాది" అన్నాడు బావ (మచ్చా అంటే అరవంలో బావమరిది). పాట బాగానే ఉంది గానీ, తిరువళ్లూరు దాటేసరికి నా చెప్పులు మెత్తబడ్డాయి. పాత ఇనుము గొట్టం వేడిని తనలో దాచుకునేది. ఈ పల్చటి గొట్టాలు మాత్రం దాన్ని బానెట్టు కింద నలుదిక్కులా పంచిపెట్టాయి. పక్కనే పెట్రోలు పంపు. అందులో పెట్రోలు కాగి ఆవిరైపోయేది, ఇంజనుకు అందేది కాదు, బండి రెండు దగ్గులు దగ్గి నిలిచిపోయేది. చల్లబడేదాకా చెట్టు కింద కూర్చోవాల్సిందే. బావకు ఫోను చేస్తే, "బండి అంటే వేడి ఉంటాదిలే మచ్చా, ఐసు పెట్టెనా అది?" అన్నాడు.

అట్లా దోవలో నిలిచి, ట్రాక్టరుకు కట్టించుకుని ఊళ్లోకి రావడం అలవాటైపోయింది. ఒకరోజు సరిగ్గా అరుగుమీద పెద్దమనుషులంతా కూర్చున్నప్పుడు వచ్చాం. నాయన ఆ రాత్రి అన్నం దగ్గర తల ఎత్తకుండా చెప్పాడు. "ఆడి కృత్తికకు మీ అవ్వ తిరుత్తణికి కావడి ఎత్తుతాండాది. దాంట్లోనే పోదాం. ఆ పొద్దు గాని దోవలో నిలిచిందా, పొన్నేరి నుంచి పాత ఇనుమోడు వచ్చి ఎత్తుకోని పోతాడు. మాట్లాడేసినా." నాయన మాట అన్నాడంటే అన్నట్టే.

పండగ ముందు రోజు నేను బానెట్టు ఎత్తిపెట్టి దాని ముందు గొంతుక్కూర్చుని ఉంటే అవ్వ వచ్చింది. సంగతంతా చెప్పాను. ఆమె హెడర్లను కాసేపు చూసి, "ఇంతేనా? పొయ్యికాడ ముప్పొద్దులా మంట మండతాదే, ఆనుకోనుండే గోడ ఏమన్నా కాలిపోతాదా? పుట్టమన్ను, పేడ, ఇంత ఊక కలిపి మెత్తు. వేడి యాడికీ పోదు" అంది. వేరే ఎవరైనా అయితే నవ్వేవాళ్లు. నేను డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి "ఇన్సులేషన్!" అని లేచి నిలబడ్డాను. అవ్వ పిసికి ఇచ్చింది, నేను మెత్తాను. ఆమెకు నా పనితనం నచ్చక, కొంగు బిగించి తనే బానెట్లోకి వంగి, పొయ్యి అలికినట్టు నాలుగు గొట్టాలూ నున్నగా అలికింది. ముగ్గు ఒక్కటే వెయ్యలేదు. ఆర్.కె.పేట దాకా వెళ్లొచ్చాను, బండి చల్లగా ఉంది! అవ్వను ఎత్తుకుని గిర్రున తిప్పినంత పని చేశాను. (అలికింది తడిగా ఉన్నంతసేపూ ఏ పొయ్యి అయినా చల్లగానే ఉంటుందన్న సంగతి డిప్లొమాలో చెప్పలేదు.)

మర్నాడు అవ్వ పసుపు చీర కట్టుకుని, నెమలీకల కావడిని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వెనక కూర్చుంది. నెమలీకలు ఒక కిటికీలోంచి, పూలు ఇంకో కిటికీలోంచి బయటికి వచ్చాయి. నాయన ముందు సీట్లో, భుజాన తెల్లటి తుండుగుడ్డతో, జడ్జీలాగా. సగం దోవ దాటాక మొదలైంది వాసన. నాయన ముక్కు ఎగబీల్చి, "ఏందిరా అది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల వెనకనుంచి అవ్వ, "విభూది వాసన. కావడి పోతాంటే రాకుండా ఎట్లుంటాది? దండం పెట్టుకో" అంది. నాయన అద్దంలో తల్లి ముఖం చూసి, దండం పెట్టుకున్నాడు.

అవ్వ అబద్ధం చెప్పలేదు. పేడ కాలిస్తే వచ్చేది విభూదే. కొండ దగ్గరపడేకొద్దీ దోవ నిండా పసుపు బట్టల జనం, బండి నత్తకన్నా మెల్లగా పోవాల్సి వచ్చింది. గాలి తగలక బానెట్టు సందుల్లోంచి తెల్లగా పొగ లేచింది. దానివెంట సన్నటి బూడిద ఎగిరి అద్దంమీద పడుతోంది. ఇంతలో నడిచి వస్తున్న ఒక పెద్దావిడ ఆగి, బానెట్టు మీది బూడిదను వేలితో అద్ది నొసట పెట్టుకుని, "అరోగరా!" అని కావడి జనం వేసే కేక వేసింది. అంతే! చుట్టూ ఉన్నవాళ్లంతా "అరోగరా, అరోగరా!" అంటూ చేతులు చాచారు. ఒకాయన కిటికీలోకి వంగి, "ఎంద మడత్తు వండి?" అని భక్తిగా అడిగాడు, ఏ మఠం బండి అని. "మా ఇంటిదేనయ్యా" అంది అవ్వ తెలుగులోనే, దర్జాగా. ఒక తల్లి చంటిపిల్లను బానెట్టుకు తాకించబోతే నేను హడలిపోయి, "వేణామ్మా, సుడుమ్!" అని కేకేశాను. కాలుతుందన్నానని ఆమె ఇంకా భక్తిగా దండం పెట్టింది.

ఆ అరోగరాల నడుమ ఇంజను ఒక దగ్గు దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. మురుగా, ఇంకో రెండు మలుపులు, అనుకున్నాను. రెండో దగ్గుకు ఇంజను చచ్చిపోయింది. బండి ఉన్న ఊపుకు నాలుగడుగులు దొర్లింది. అయిపోయింది, పొన్నేరి పాత ఇనుమోడి తక్కెడ కళ్లముందు ఊగింది. సరిగ్గా ఆ క్షణాన ఎదురుగా ఒక పోలీసాయన లాఠీ అడ్డం పెట్టి అరిచాడు. "నిరుత్తు, నిరుత్తు! ఇదుక్కు మేల వండి పోగాదు!" బండ్లు ఇక్కడితో సరి, పైకి వదలం అని. ముందు బండి నిలిచింది, పక్క బండి నిలిచింది, వెనకున్న బస్సు నిలిచింది. నేను ఎంతో విధేయంగా హ్యాండ్ బ్రేకు లాగి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. నాయన నావైపు చూసి, "చెప్పంగానే నిలిపినావే. పర్వాలేదు" అన్నాడు. ఆ లాఠీకి అప్పుడే హారతి ఇవ్వాలనిపించింది.

"మోకాలు లాగతాండాది, నేను బండికాడ ఉంటా. మీరు పొయ్యి రాండి" అన్నాడు నాయన. అవ్వ కావడి భుజానికెత్తి మెట్లెక్కుతుంటే వెనక నేను. ఆమె దేవుడికి ఏం మొక్కుకుందో గానీ, నేను మొక్కింది మాత్రం పెట్రోలు పంపు చల్లబడాలని. దిగి వచ్చేసరికి నాయన బానెట్టుకు ఆనుకుని మజ్జిగ తాగుతున్నాడు. తుండుగుడ్డ తడిసి ముద్దగా ఉంది. "కొళాయి కాడ మొగం కడుక్కున్యా" అన్నాడు, నేను అడక్కుండానే. నేను కళ్లు మూసుకుని తాళంచెవి తిప్పాను. బండి ఒక్క పిలుపుకే పలికింది! అంత హాయి ఆ తరవాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఎండ తగ్గింది, దోవ ఖాళీగా ఉంది, గాలి బాగా తగిలింది, ఇల్లు చేరేదాకా అది దగ్గలేదు. దోవ పొడుగునా నాయనను భలే బోల్తా కొట్టించానని నాలో నేనే ఎగిరి గంతేస్తున్నాను.

ఆ వారంలోనే అలుకంతా గీకేసి బుద్ధిగా పని చేశాను. నూనె డబ్బా రేకు కత్తిరించి హెడర్లకూ పంపుకూ నడుమ, రెండింటికీ తగలకుండా అడ్డం నిలబెట్టాను. పెట్రోలు గొట్టాన్ని దూరంగా తిప్పాను. వేడి పైకి పోవడానికి బానెట్టు వెనక అంచును వాషర్లు పెట్టి కాస్త ఎత్తాను. ఆ రేకు చూపించే తరవాత ఈ ఉద్యోగం సంపాదించాను.

మొన్న సెలవుకు పోయినప్పుడు ఆ బండినే తుడుస్తూ, ఇన్నేళ్లయింది కదా అని, ఆ రోజు కథ నాయనకు చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆయన నవ్వాడు. "ఆ పొద్దు నువ్వు నిలిపినావా? పోలీసోడు కట్టె ఎత్తకముందే అది నోరు మూసుకునింది. నాకు చెవుల్లేవా?" నేను తుడవడం ఆపేశాను. "మీరు కొండెక్కినాక తుండు తడిపి తడిపి పంపుకు చుట్టినా. మీ తాత ఉన్నెప్పుడు ఎండాకాలమంతా ఆ పని నాదే" అన్నాడు. "మరి తెలిసీ ఏమీ అనలేదే నాయనా?" అన్నాను. ఆయన చేతిలోని పాత తుండుతో బానెట్టు అంచు మెల్లగా తుడిచాడు. ఆ తుండుమీద పంపంత గుండ్రటి గోధుమరంగు మచ్చ ఒకటుంది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదట. "నిలిచిందని అంటే అమ్మాల్సి వస్తాది గదరా. మా నాయన బండి" అన్నాడు.

నాయనను బోల్తా కొట్టించానని ఆ సాయంత్రం స్టీరింగు వెనక ఈల వేసుకుంటూ వచ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, పక్క సీట్లో తడి తుండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి కూడా లోలోపల ఈల వేస్తున్నాడని వాడు గమనించనే లేదు.