పుస్తకం పోలేదు

ఉద్యోగ విరమణ చేసినవారు తమ అనుభవాలు రాయాలని పత్రికలు కోరుతుంటాయి. కలెక్టర్లు రాశారు, ఇంజనీర్లు రాశారు. తపాలా గుమస్తాను ఎవరూ అడగలేదు. నా అంతట నేనే రెండుసార్లు రాసి పంపాను. తిరుగు టపాకు బిళ్ల అంటించి లోపల పెట్టిన కవరు కూడా నాకు చేరలేదు. ఇది మూడోసారి.

1929 జూలైలో నన్ను విరుదునగర్ తపాలా కార్యాలయంలో సార్టింగు గుమస్తాగా వేశారు. హోదా ‘ఆక్టింగ్’. అంటే పని పూర్తిగా మనది, ఉద్యోగం ఇంకా మనది కాదు. ఖాయం కావాలంటే ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం అసలు ప్రతి చూపాలి. ఆ రోజుల్లో అది విడి కాగితం కాదు. మార్కులు, పుట్టిన తేదీ, ఇంటి భాష, హెడ్మాస్టరు సంతకం అన్నీ ఉన్న అట్ట పుస్తకం. మనిషికి ఒక్కటే. నాది నా దగ్గర లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

మాది కోవిల్‌పట్టికి ఎనిమిది మైళ్ల దూరాన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. ఇంటర్మీడియట్ దరఖాస్తులో ఇంటి భాష అన్నచోట ఉన్నమాటే రాశాను: తెలుగు. దాన్నిబట్టి కాలేజీవారు నన్ను తెలుగు రెండో భాషగా చదివేవారి జాబితాలో వేసి సీటు ఇచ్చారు. సమ్మతి రాసి పంపాను. మా ఊరినుంచి కాలేజీకి పోయిన మొదటివాణ్ణి నేనే. నాయన ట్రంకుపెట్టె కొనిచ్చాడు.

మొదటి రోజు తెలుగు పండితులు అందరి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలూ తెప్పించుకుని బల్లమీద పెట్టుకున్నారు. నాది తిరగేసి ఏ ఊరని అడిగారు.

“కోయిలుపట్టి పక్కన సామీ. ఇంట్లో తెలుంగే మాట్లాడేది.”

“తెలుంగా? ఏదీ, పొద్దున ఏం తిన్నావో చెప్పు, విందాం.”

“కంబుకూడు తినేసి రైలెక్కితిని సామీ.”

కంబు అంటే సజ్జలు. మా ఇళ్లలో అన్నాన్ని కూడు అనే అంటాం. క్లాసంతా నవ్వింది.

“విన్నారా? మన ముత్తాతలు ఇంకా బతికే ఉన్నారు నాయనా, కోవిల్‌పట్టిలో” అన్నారు పండితులు. తరవాత బోర్డుమీద ఒక పంక్తి రాసి చదవమన్నారు. ఒక్క అక్షరం రాలేదు. “మరి ఈ భాష నీదని ఎందుకు రాశావు?” అన్నారు.

గంట కొట్టేలోపు మనసు మారిపోయింది. ఆఫీసుకు వెళ్లి, ఇచ్చిన సీటు నాకు అక్కరలేదని కాగితం రాసి గుమస్తా చేతికిచ్చాను. ఆయన దాన్ని దొంతరలో పెట్టి తల కూడా ఎత్తలేదు. నా పుస్తకం పండితుల మోచేతి కింద ఉండిపోయింది. తిరిగి ఆ గదిలోకి వెళ్లి అడగబుద్ధి కాలేదు. టపాలో పంపుతారనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాయన కళ్లంలో ఉన్నాడు.

“ఏమిరా, ట్రంకుపెట్టి ఎత్తుకొనే వచ్చేస్తివి? లీవా?”

“నాకు ఆ సదువు వద్దు నాయనా.”

“వద్దా? బుక్కు ఏడరా?”

“పంపిస్తారు.”

“ఎవురు పంపేది?”

నాయన మళ్లీ అడగలేదు. కాని టపామనిషి మా వీధిలోకి వచ్చినప్పుడల్లా పని ఆపి అటే చూసేవాడు. నాకది తిట్టుకంటే ఎక్కువ.

కాలేజీకి ఇంగ్లీషులో నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. హెడ్మాస్టరు ఇచ్చిన నకలు చూపి ఈ ఉద్యోగంలో చేరాను.

విరుదునగర్‌లో నా గది మిరపకాయల గోదాము వెనక. మిరప వ్యాపారులకు గుంటూరునుంచి కవర్లు వచ్చేవి, కొన్నిటిమీద చిరునామా తెలుగులోనే. పోస్టుమాస్టరు వాటిని నా గూట్లో పెట్టించేవారు, తెలుగువాడివి కదా అని. చదవలేని చిరునామాలు గడువు దాటితే మద్రాసు డెడ్ లెటర్ ఆఫీసుకు పోవాలి. వాటిని బయటివాళ్లకు చూపి చదివించుకోవడానికి వీల్లేదు. మొదటి రెండు నెలలూ నా చేతులతోనే వాటిని మద్రాసు సంచిలో వేశాను.

అప్పుడు మద్రాసునుంచి తెలుగు అక్షరాల పుస్తకం వి.పి.లో, అంటే అందాక డబ్బు కట్టేలా, తెప్పించాను. మా డెలివరీ ప్యూను దాన్ని నాకే బట్వాడా చేస్తూ తమిళంలో అన్నమాట ఇది: “రైటరయ్యా, మీ ఇంటి మాట మీకు పార్సెల్లో వచ్చిందే.” నేను నవ్వలేదు. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే స్నేహితుడు నాకు లేడు. సాయంత్రాలు గది తలుపు వేసుకుని పైకి చదివేవాణ్ణి, నా గొంతైనా వినిపిస్తుందని. మిరప ఘాటుకు మధ్యలో దగ్గు వచ్చేది. పొంగల్ నాటినుంచి తెలుగు కవరు ఒక్కటీ మద్రాసు సంచిలోకి పోలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మరుసటి ఏడు సూపరింటెండెంటు తనిఖీకి వచ్చి నా ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం అడిగారు. పోయిందని రాసిస్తే డూప్లికేటు తెప్పించుకోవచ్చన్నారు. పోలేదు, కాలేజీవాళ్ల దగ్గర ఉందన్నాను. ఆయన వెళ్లాక పోస్టుమాస్టరు నన్ను పక్కకు పిలిచి, ఒక్క మాటే కదయ్యా, రాసి పడేయమని నచ్చజెప్పారు. రాయలేదు. నేను పోగొట్టుకోని వస్తువును పోగొట్టుకున్నానని నా సంతకంతో ఎందుకు చెప్పాలి? నా తరవాత చేరిన ఇద్దరు నాకంటే ముందు ఖాయమయ్యారు.

1932లో పండితులకే ఉత్తరం రాశాను, ఈసారి తెలుగులో. తప్పులు లేకుండా మూడుసార్లు తిరగరాశాను. రిజిస్టరు చేసి, అందినట్టు సంతకం చేసి పంపే ఎ.డి. కార్డు జతచేశాను. పది రోజులకు కార్డు వచ్చింది. బిరుదులతో సహా ఆయన సంతకం, తెలుగులో. నేను చదవగలిగాను. ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు.

1935లో పుస్తకం లేకుండానే ప్రత్యేక ఉత్తర్వుతో నన్ను ఖాయం చేశారు, సీనియారిటీ జాబితాలో అందరికంటే కింద.

రిజిస్టరు కవరు తపాలాలో సంతకం లేకుండా ఒక చేతినుంచి ఇంకో చేతికి మారదు. ఈ పద్ధతి ముందే తెలిసుంటే, మనసు మార్చుకున్నాక కూడా ఆ బల్ల దగ్గరికి పోయి, పుస్తకమైనా రసీదైనా ఇమ్మని చేయి చాచేవాణ్ణి. నేర్చుకున్నది అంతే. సీటు వదులుకోవడం తప్పని ఈనాటికీ అనుకోను.

పండితులు ఇప్పుడు లేరేమో. కాలేజీ ఉంది, దాని బీరువాలు ఉన్నాయి. కాలేజీ పేరు నేను రాయలేదు, వాళ్లకు తెలుసు. ఈ భాష నీదని ఎందుకు రాశావని అడిగారు. ఈ నాలుగు పేజీలూ దానికి నా జవాబు. ఇక వాళ్లవంతు. నా పుస్తకం ఎక్కడుంది? ఉందా, లేదా? ఏదో ఒకటి రాయండి. కార్డు చాలు.