డ్రమ్ము క్లెయిమూ, సొట్ట లేని ఫియట్టూ

బహదూర్‌పురాలో లారీలు ఆగే చోటికి ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ప్రకాశం బండ్లకు పడిన సొట్టలు తీసేవాడు. బండి తెచ్చినవాళ్ళు ప్రమాదం ఎలా జరిగిందో కథలు కథలుగా చెప్పేవాళ్ళు. తప్పంతా అవతలివాడిదేనని ఒట్లు పెట్టేవాళ్ళు. ప్రకాశం వినేవాడు కాదు. కళ్ళు మూసుకుని అరచేత్తో రేకును తడిమేవాడు. దెబ్బ ఎటునుంచి తగిలింది, రేకు ఎక్కడ సాగింది, మొదటి సుత్తి దెబ్బ ఎక్కడ వెయ్యాలి, అన్నీ ఆయనకు చెయ్యే చెప్పేది. లోపల ఇనుప దిమ్మ ఆనించి పైనుంచి చెక్క సుత్తితో తడుతూ పోతే, సాయంత్రానికి అక్కడ సొట్ట ఉండేదని బండి యజమానే మరిచిపోయేవాడు.

ఆయనకు గిట్టనిది లప్పం. సొట్టను కొట్టి లేపకుండా, దానిమీద లప్పం మెత్తి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగేసి పంపించే మిస్త్రీలు ఊళ్ళో చాలామంది ఉన్నారు. అలాంటి బండి షెడ్డు ముందు నుంచి పోతే ప్రకాశం మొహం తిప్పుకునేవాడు.

ఇంత పనిమంతుడికీ ఒక జబ్బుంది. ఎక్కడ సొట్ట కనబడినా చూపు అక్కడే అతుక్కుపోతుంది. డెబ్బై ఆరులో లాడ్ బజార్ గొడవ దానివల్లే జరిగింది.

ఆ రోజు భార్య లీలమ్మను జావా మోటారు సైకిలు వెనక కూచోబెట్టుకుని గాజులు కొనడానికి పోతున్నాడు. ఎదురుగా ఒక పెళ్ళి బారాత్ వచ్చింది. ముందు బ్యాండు, వెనక గుర్రం. బ్యాండులో ఒకతని భుజాన పెద్ద ఇత్తడి బాజా ఉంది. దాని మెడ దగ్గర జామకాయంత సొట్ట. ప్రకాశం దాన్ని చూశాడు. లోపలికి చెయ్యి పట్టదు, కర్ర చివర గుడ్డ చుట్టి దూర్చాలి, మరి ఎంత లావు కర్ర కావాలి అని లెక్క వేసుకుంటూ ఉండగా, జావా ముందు చక్రం పెద్ద డ్రమ్ములోకి దూరిపోయింది. డ్రమ్ము వాయించే మనిషి మంచి ఊపు మీద ఉన్నాడేమో, ఇంకో దెబ్బ కూడా వేసేశాడు. అది జావా టాంకీ మీద పడింది. వెనక నుంచి జారిన లీలమ్మ, పక్కన దూదేకులాయన తోపుడుబండి మీది పరుపుపై చుట్టం కూచున్నట్టుగా కూచుంది. ఆమెకు గీత కూడా పడలేదు. కానీ బారాత్ బారాత్ అంతా ఆమెను చూసింది.

"ఇగ రెండు చక్రాల బండి ఎక్కితే నన్ను లీలమ్మ అని పిలువకు" అని పరుపు దిగకుండానే చెప్పింది.

బ్యాండు మాస్టరు కొత్త డ్రమ్ము కావాలని లొల్లి పెట్టాడు. అదంతా ఎదురు దుకాణంలోంచి చూస్తున్నవాడు వైకుంఠం. గాజుల వ్యాపారి, పక్క పనిగా బీమా ఏజెంటు. జావాకు పాలసీ కట్టించింది ఆయనే. "ఫికర్ చెయ్యకు ప్రకాశం, బీమా ఉన్నది" అని డ్రమ్ముకు ఒక క్లెయిము, జావాకు ఒక క్లెయిము రాయించాడు. దెబ్బలు చూసి రాసుకోవడానికి నాలుగు రోజుల్లో సర్వేయరు వస్తాడన్నాడు.

తన షెడ్డులో, తన కళ్ళ ముందు, తన బండి సొట్టలతో నాలుగు రోజులు ఉండడమంటే ప్రకాశం వల్ల అయ్యే పనేనా? మర్నాటికే తీసేశాడు. సర్వేయరు విశ్వేశ్వర్ వచ్చేసరికి జావా కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

"దెబ్బ ఏడున్నది?"

"తీసేసిన సార్."

"నేను సూడకముందే ఎట్ల తీస్తవయ్యా?"

"సొట్ట ఉన్నంక తియ్యాలె గద సార్."

విశ్వేశ్వర్ కాగితం మీద 'దెబ్బలు లేవు' అని రాసి పోయాడు. జావా క్లెయిము కొట్టేశారు. డ్రమ్ముకు మాత్రం బొక్క బొక్కలాగే ఉంది గనక అది చెల్లింది. ఆ విధంగా బీమా ఆఫీసు పుస్తకాల్లో ప్రకాశం పేరు మీద ఒక డ్రమ్ము మిగిలింది.

లీలమ్మ మాట మీద నిలబడింది. రెండేళ్ళు నడిచింది, లేదంటే రిక్షా ఎక్కింది. ప్రకాశమూ ఊరుకోలేదు. లారీ కింద నలిగి, అప్పడంలా అయిపోయిన పాత ఫియట్ కారు ఒకటి కొన్నాడు. పగలు జనం పని, పొద్దుగూకాక సొంత పని. పద్నాలుగు నెలలు కొట్టి కొట్టి దాన్ని మళ్ళీ కారు చేశాడు. ఒక్క చెంచా లప్పం వాడలేదు.

డెబ్బై ఎనిమిదిలో మెదక్ నుంచి లీలమ్మ చెల్లెలు కాశమ్మ ఉత్తరం రాసింది. ఆదివారం పిల్లవాడికి బాప్తిస్మం, తప్పక రావాలని. లీలమ్మకు బస్సు పడదు. బాలానగర్ దాటకముందే కిటికీలోంచి తల బయట పెడుతుంది. ఈసారి మాత్రం ధీమాగా "మేము కారుల వస్తున్నం" అని జవాబు రాసింది. కాశమ్మ భర్త రాజన్న బస్సు కండక్టరు. ఆయన తిరుగు కార్డు రాశాడు: "వదినా, కారు కథ రెండేండ్ల నుంచి వింటున్న. నా బస్సుల సీటు ఆపి పెడుత. కిటికీ పక్కనే."

లీలమ్మ ఆ కార్డు తెచ్చి కారు అద్దానికి అంటించింది. "ఆదివారం పొద్దున నేను ఏడ కూచుంట, చెప్పు" అంది.

"ముందు సీట్ల" అన్నాడు ప్రకాశం. ఆయన ఇచ్చిన మాట అంతే.

కారు సిద్ధం. కాగితాలు తన పేరు మీదికి మారాయి. ఒక్క బీమా లేదు. పాత యజమాని చేతిలోనే అది మురిగిపోయింది. బీమా లేకుండా కారు రోడ్డెక్కకూడదు. గురువారం వైకుంఠం ఫారం పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. పేరు, ఊరు, కారు నంబరు చకచకా నింపి ఒకచోట ఆగాడు.

"గత మూడేండ్లల ఏమన్న ప్రమాదం చేసిండ్రా, క్లెయిము తీసుకున్నరా అని అడుగుతున్నడు. లేదని రాస్తున్న."

"డ్రమ్ము ఉన్నది గద?"

"అది మోటారు సైకిలు. ఇది కారు. రెండు చక్రాలకు, నాలుగు చక్రాలకు ఏం సంబంధం?"

"కారును అడుగుతున్నడా, నన్ను అడుగుతున్నడా?"

వైకుంఠం మళ్ళీ చదివాడు. "నిన్నే. కానీ గవన్ని ఎవడు సూస్తడు భాయ్? లేదు అని రాస్తే, పాలసీ వచ్చేదాంక చెల్లే కవర్ నోట్ రేపు చేతుల పడతది. ఆదివారం మెదక్ పోతవు. ఉన్నది అని రాస్తే వంద ప్రశ్నలేస్తరు."

"సొట్ట ఉన్నది, లేదని రాస్తే లప్పం పెట్టినట్టే గద సేటు."

"నీ లప్పంల మన్ను వొయ్య. రాసుకో."

ఫారంలో ఆ ప్రశ్నకు ఇచ్చింది ఒక్క గీత చోటు. ప్రకాశానికి అది చాలలేదు. వేరే కాగితం తీసుకుని బారాత్ ఎటునుంచి వచ్చింది, డ్రమ్ము ఎక్కడుంది, బాజా మీద సొట్ట ఎలా ఉంది, దాన్ని ఎలా తియ్యవచ్చు, అన్నీ బొమ్మతో సహా రాసి గుండుసూదితో గుచ్చాడు.

శుక్రవారం నయాపూల్ అవతల బీమా ఆఫీసులో విమలాదేవి ఆ కాగితం చదివింది. కొత్త పాలసీలు చూసేది ఆమే. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"డ్రమ్ము కేసు మీదేనా? ఆఫీసుల అందరికి యాదున్నది."

"నాదే మేడం. దాంతోని కారుకు ఏమన్న అడ్డం అయితదా?"

"వినుండ్రి. ఏండ్లకేండ్లు క్లెయిము లేకుంటే బోనసని కొంత తగ్గిస్తం. జావాకు ఆ బోనసు డ్రమ్ముతోని పోయింది. ఉన్నా అది కారుకు రాదు, బండి జాతి వేరు. కారు మొదటినుంచి మొదలుపెట్టాలె. అది బండి సంగతి. కానీ నడిపే మనిషి మారలేదు గద. గందుకే ఫారంల మిమ్ములను అడిగేది. మనిషిని చూసి మేము ఒక షరతు పెట్టొచ్చు, ఎక్కువ కట్టుమనొచ్చు." ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఒక్కటి చెప్పుండ్రి. కారు నడిపేటప్పుడు కూడ సొట్టలు సూస్తరా?"

వెనక నిలబడ్డ వైకుంఠం ప్రకాశం కాలు తొక్కాడు.

"సూస్త మేడం" అన్నాడు ప్రకాశం. "కాకపోతే ఆగి సూస్త."

విమలాదేవి ఫారం మీద ఏదో రాసింది. "చిన్న చిన్న దెబ్బల ఖర్చు మీరే పెట్టుకోవాలె. పెద్దవైతేనే మా దగ్గరికి రావాలె. అది షరతు. ఇంకొకటి, పాత క్లెయిము ఉన్నది గనక కారును సర్వేయరు సూడాలె. రేపు పొద్దున పంపుత. శనివారం, ఆఫీసు ఒంటిగంటకు బంద్ అయితది. రిపోర్టు అంతకుముందే నా బల్ల మీద ఉంటే కవర్ నోట్ ఇస్త."

శనివారం పదింటికి వచ్చిన సర్వేయరు విశ్వేశ్వరే. షెడ్డు గుమ్మంలోనే ప్రకాశాన్ని గుర్తుపట్టి నిట్టూర్చాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి చూశాడు, కింద దూరి చూశాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"పాత దెబ్బలు ఏడున్నయి?"

"లేవు సార్."

"మళ్ల మొదలువెట్టినవా? పదహారేండ్ల కారు. లారీ కింద పడ్డదని ఫారంల నువ్వే రాసిచ్చినవు. ఉన్న దెబ్బలన్నీ నేను రాయాలె. లేకుంటే రేపు పాత దెబ్బనే కొత్త దెబ్బ అని క్లెయిము వేస్తరు. లప్పం ఎంత పెట్టినవు?"

ప్రకాశం మొహం ఎర్రబడింది. విశ్వేశ్వర్ జేబులోంచి దారం కట్టిన అయస్కాంతం తీశాడు. రేకైతే పట్టుకుంటుంది, లప్పమైతే జారుతుంది. బానెట్ మీద పెట్టాడు, టక్కున అంటుకుంది. తలుపు మీద, టక్. కప్పు మీద, టక్. గంటసేపు జానెడు జానెడు చొప్పున కారంతా పెట్టి చూశాడు. ఒక్కచోట జారింది. మొహం వెలిగింది. దగ్గరికి పోయి చూస్తే అది అద్దం, రాజన్న కార్డు అంటించిన చోటు.

అయస్కాంతం జేబులో వేసుకుని పెట్టె మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "ప్రకాశం, పని మస్తుగున్నది. అబద్ధం ఎందుకు. కానీ నా బాధ విను. అప్పుడు జావాకు 'దెబ్బలు లేవు' అని రాసిన. ఇప్పుడు లారీ కింద పడ్డ కారుకు గదే రాస్తే, అదే మనిషి, అదే మాట. బండి సూడకుండ ఇంట్ల కూచోని రాసినవని నాకు మెమో వస్తది. ఒక్కటంటె ఒక్క సొట్ట సూపెట్టు."

"లేంది ఏడికెంచి తేవాలె సార్?"

"నువ్వు సొట్టల మిస్త్రీవి. నన్ను అడుగుతవేంది?"

గడియారం పదకొండున్నర. ఆఫీసుకు పోవడానికే అరగంట. ప్రకాశం చెక్క సుత్తి తీసుకున్నాడు. ఎడమ వెనక మడ్‌గార్డు మీద సుద్దతో గుర్తు పెట్టాడు. తర్వాత తేలిగ్గా తియ్యగలిగే చోటు అది. సుత్తి ఎత్తాడు, దించాడు. గుర్తును అంగుళం పక్కకు జరిపాడు. మళ్ళీ ఎత్తాడు. ఇరవై రెండేళ్ళలో ఆ చెయ్యి సొట్ట తీసిందే గాని వెయ్యలేదు. అది కిందికి రానంది.

అప్పుడే లీలమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చింది. సుత్తి ఎత్తి నిలబడ్డ మొగుణ్ణీ, తల పట్టుకున్న సర్వేయరునూ చూసింది. సంగతి విన్నది.

"ఒక్క సొట్ట ఉంటె రేపు నేను కారుల పోత. లేకుంటె రాజన్న బస్సుల పోత. గంతేనా?"

"గంతే" అన్నారు ఇద్దరూ.

డబ్బా కింద పెట్టి సుత్తి లాక్కుంది.

"ఆ గుర్తు మీద ఏయి లీలా. నిదానంగ. మణికట్టు వదులు వెట్టి..."

ఆమె వేసింది. సుద్ద గుర్తుకు జానెడు పైన పడింది. ప్రకాశం గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. అలాగే కళ్ళు మూసుకుని చెయ్యి చాచి తడిమాడు. కాసేపటికి మొహం తేటపడింది.

"రేకు మడత పడలే. దెబ్బ సాఫుగున్నది. సుత్తి ఎన్నడన్న పట్టినవా?"

"ఇన్నేండ్లు నిన్ను సూస్తున్న గద."

విశ్వేశ్వర్ సంతోషంగా కొలిచి, 'ఎడమ వెనక మడ్‌గార్డు, ఒక సొట్ట, రెండంగుళాలు' అని రాసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ వేలు చూపించాడు. "ఇది కాగితం మీదికి ఎక్కింది. పాలసీ ఉన్నన్నాళ్ళు గిట్లనే ఉండాలె. కాగితానికి, కారుకు తేడా రావద్దు. నీ చెయ్యి దీని మీద పడొద్దు."

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా విమలాదేవి కవర్ నోట్ ఇచ్చింది.

ఆదివారం పొద్దున లీలమ్మ ముందు సీట్లో కూచుని మెదక్‌లో దిగింది. దారంతా కిటికీలోంచి తల బయట పెట్టలేదు, ఎదురొచ్చే బస్సులను చూడడానికి తప్ప. రాజన్న కారు చుట్టూ తిరిగాడు. ఏదో ఒకటి అనకపోతే ఆయనకు అన్నం సహించదు. ఎడమ వెనక మడ్‌గార్డు దగ్గర ఆగాడు.

"ఏందన్నా, గింత పెద్ద మిస్త్రీవి. గీ ఒక్క సొట్ట తియ్యరాలేదా?"

చుట్టాలందరూ వచ్చి చూశారు. ప్రకాశం చెయ్యి తనంతట తానే సొట్ట వైపు పోయింది. లీలమ్మ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"అది నేను ఏసిన సొట్ట మరిదీ" అంది. "సర్కారు కాగితంల కూడ రాసిండ్రు. నీ బస్సుకు ఉన్నయా, రాసిపెట్టిన సొట్టలు?"