నాలుగో నంబరు సిస్టం

నేను జీవితంలో ఒకే ఒక్క మనిషిని కొట్టాను. ఇనపకడ్డీతో కొట్టాను. అతని కుడిచెయ్యి మణికట్టుకి కాస్త పైన విరిగింది. ఆ చప్పుడు నాకు వినపడింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయింది. బందరులో ఒక మందుల షాపు పక్కన, షటర్ గదిలో, పది కంప్యూటర్లతో గేమ్స్ సెంటర్ నడిపేదాన్ని. ఇంటర్నెట్ సెంటర్లు అప్పటికే వీధికొకటి వచ్చాయి గానీ, నాకు తెలిసి ఆ చుట్టుపక్కల అచ్చంగా ఆటల కోసమే పెట్టింది నేనే. అంతకు ముందు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాను. అది మూతపడితే వాళ్ళ కంప్యూటర్లే తీసుకున్నాను. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, ఎవరి టైము ఎప్పుడయిపోతుందో చేతి గడియారం చూసి చెప్పేవారు. బండి టైము చూసిన మనిషి, ఒక్క నిమిషం అటూ ఇటూ కానిచ్చేవారు కాదు.

నెలకోసారి విజయవాడ వెళ్ళి కంప్యూటర్ పత్రికలు తెచ్చేదాన్ని. చదవడానికి కాదు, అట్టకి అంటించి ఇచ్చే సీడీ కోసం. అందులో కొత్త ఆటల ట్రయల్స్ ఉండేవి. ఒక్క లెవెల్ ఆడనిచ్చి, కుర్రాడు సరిగ్గా ఊపందుకునేసరికి పూర్తి ఆట కొనుక్కోమని ఆగిపోయేవి. వాటిని ఉచితంగా ఆడనిచ్చేదాన్ని. పాత ఆటలు నాలుగైదు కలిపి ఒకే పెట్టెలో చవగ్గా ఇచ్చే ప్యాకులు దొరికితే అవీ పట్టుకొచ్చేదాన్ని. షటర్ పక్క గోడ మీద ‘కొత్తవారికి మొదటి అరగంట ఫ్రీ’ అని ఎర్ర పెయింటుతో రాయించాను. ఎన్ని తెచ్చినా చివరికి అందరూ కూర్చునేది తుపాకుల ఆట దగ్గరే. ఐదుగురు ఒక జట్టు, ఐదుగురు ఒక జట్టు, ఎదురుపడితే కాల్చుకోవడమే.

“ఇదేం ఆటమ్మా, పొద్దస్తమానం చంపుకోవడమేనా?” అనేవారు నాన్న.

“బొమ్మలే కద నాన్నా” అనేదాన్ని.

బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనపవస్తువు దేన్నీ బతకనివ్వదు. ర్యామ్ అనే మెమరీ పలక అంచుకి నల్లటి పొర పట్టేసి కంప్యూటర్ లేవకపోతే, ర్యామ్ ఊడదీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టేదాన్ని. ఆట ఆగి ఆగి నడుస్తుంటే ముందు ఆటలో నీడలు తీసేసేదాన్ని, అప్పటికీ లొంగకపోతే బొమ్మ నాణ్యత తగ్గించేదాన్ని, ఇంకా మొండికేస్తే క్యాబినెట్ విప్పేదాన్ని. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీద కూర్చుంటే మొదట్లో నవ్విన కుర్రాళ్ళే తర్వాత “అక్కా, ఒకసారి చూడవా” అంటూ వెంటపడేవారు.

నాలుగో నంబరు సిస్టం ఒక్కటే నా చేతికి లొంగలేదు. ప్రాసెసర్ మీది ఫ్యాను అరిగిపోయి, తిరుగుతూ తిరుగుతూ పట్టేసేది. వేడెక్కితే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తనే నెమ్మదిస్తుంది. అప్పుడు తెర మీద మనిషి ఒక్క క్షణం కొయ్యబారి నిలబడిపోతాడు. ఎదుటివాడికి ఆ క్షణం చాలు. రోజూ వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. గది నిండిపోయినా సరే, నిలబడతారు గానీ నాలుగో నంబరు ముందు కూర్చోరు.

ఆ వేసవిలో గుడివాడ నుంచి ఐదుగురు డిగ్రీ కుర్రాళ్ళు ఏదో పరీక్ష రాయడానికి బందరు వచ్చి, గోడ మీద ఫ్రీ అన్న మాట చూసి లోపలికొచ్చారు. అరగంటలో మా రోజువారీ కుర్రాళ్ళని చిత్తుగా ఓడించి వెళ్ళారు. వాళ్ళలో ఒకడు పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. గుడివాడలో వాళ్ళ నాన్నకి మోటారు వైండింగ్ షాపు ఉందని చెప్పాడు. లేచేముందు మౌస్ తీగ చుట్టిపెట్టి, “థాంక్సండి మేడమ్” అని వెళ్ళాడు.

ఆ ఓటమి మా వాళ్ళలో ఒకడికి మింగుడుపడలేదు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చి బందరులో రూము తీసుకుని చదువుకునే కుర్రాడు. మెడ కురచ, కోపం ఎక్కువ. ఓడిపోతే బల్ల గుద్దేవాడు. ఫోన్లు చేసి, కబుర్లు పంపి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పందెం ఖాయం చేశాడు. బందరు జట్టు, గుడివాడ జట్టు, నా సెంటర్లో.

ఆ ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చి నాలుగో నంబరు విప్పాను. కొత్త ఫ్యానుకి విజయవాడ వెళ్ళాలి. టైము లేదు. కుట్టుమిషన్‌కి వేసే నూనె రెండు చుక్కలు ఫ్యాను ఇరుసులో వేశాను. గిర్రున తిరిగింది. ఈ పూటకి చాలనుకున్నాను. నలుగురు నలుగురు ఆడుకోండి, ఒక సిస్టం బాగాలేదు అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

గదిలో సిస్టంలు రెండు వరసలు. బేసి నంబర్లు ఒక గోడకి, సరి నంబర్లు ఎదురు గోడకి. బందరు జట్టు ముందొచ్చి బేసి వరసలో కూర్చున్నారు. గుడివాడ వాళ్ళొచ్చి మిగిలిన వరసలో కూర్చున్నారు. నాలుగో నంబరు ముందు ఆ పొడుగబ్బాయి కూర్చున్నాడు. అవనిగడ్డ కుర్రాడు నా వంక చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

మొదటి ఆట గుడివాడ గెలిచింది. రెండోది బందరు గెలిచింది. మూడోది సగంలో ఉండగా పొడుగబ్బాయి చెయ్యెత్తాడు.

“మేడమ్, ఇది ఆగుతోందండి.”

“ఎండకి అన్నీ అంతే బాబూ. ఆడు.”

ఇంకో రెండు నిమిషాలకి అతని మనిషి తెర మీద నిలబడిపోయాడు. అవనిగడ్డ కుర్రాడు తాపీగా వచ్చి కాల్చేశాడు. బందరు వాళ్ళు కేకలు వేశారు. పొడుగబ్బాయి లేచి, క్యాబినెట్ మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

“నిప్పులా కాలిపోతోంది. ఇది ఆట కాదండి, మోసం.”

“ఓడిపోతే సిస్టం మీద తోసేస్తావేంట్రా?” అన్నాడు అవనిగడ్డ కుర్రాడు.

“అయితే నువ్వొచ్చి దీని ముందు కూర్చో.”

ఆ మాటకి గుడివాడ వాళ్ళలో ఒకడు గట్టిగా నవ్వాడు. అవనిగడ్డ కుర్రాడు కీబోర్డు తీగతో సహా పెరికి, అడ్డంగా, ఆ నవ్విన మొహం మీద కొట్టాడు. అక్షరాల బొత్తాలు గదంతా చిందాయి. దెబ్బ తిన్నవాడు నోటికి అడ్డంపెట్టుకున్న చేతిలోంచి నెత్తురూ, ఒక పన్నూ రాలాయి. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేను. స్టూళ్ళు లేచాయి. ఒకడి తల గోడకేసి కొట్టారు. ఒకడి చొక్కా చిరిగి మెడకి ఉరిలా బిగిసింది. ఒక మానిటర్ బల్ల మీంచి బోర్లాపడి ఢామ్మని పేలింది. గాజుపెంకుల మీదే దొర్లుతూ కొట్టుకున్నారు. ఎప్పుడూ అక్కా అని పిలిచే పిల్లలు, నా కళ్ళముందే ఒకడి చేతిని తొక్కి నిలబడ్డారు.

“ఆపండ్రా! ఆపండి!” అంటూ నాన్న మధ్యలోకి వెళ్ళారు. ఎవరో తోశారు. ఆయన వెనక్కి పడిపోతూ బల్ల అంచుకి తల కొట్టుకున్నారు. తెల్లచొక్కా భుజం క్షణంలో ఎర్రబడిపోయింది.

నేను గది ఆ చివర ఉన్నాను. దాటుకుని వచ్చేసరికి పొడుగబ్బాయి నాన్న మీదకి వంగి, రెండు భుజాలూ పట్టుకుని ఉన్నాడు. షటర్ కిందకి లాగే కొక్కెం కడ్డీ తలుపు వార ఉంది. అది తీసుకుని రెండు చేతులతో కొట్టాను. “అమ్మా!” అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మళ్ళీ ఎత్తి భుజం మీద వేశాను. నాకు ఆగాలనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఆ రెండో దెబ్బ వేస్తున్నప్పుడు నాకు హాయిగా ఉంది.

“నాన్నని చంపేస్తున్నారు!” అని బయటికి అరిచాను. వీధిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. “ఎవరమ్మా, ఎవరు?” అన్నారు. “వీడే” అని చూపించాను.

అతన్ని కాలర్ పట్టుకుని రోడ్డు మీదకి ఈడ్చారు. చెప్పులతో కొట్టారు, కాళ్ళతో తన్నారు. అరటిపళ్ళ బండివాడు కర్ర తెచ్చాడు. అతను విరిగిన చేతిని పొట్టలోకి ముడుచుకుని, తారురోడ్డు మీద మునగదీసుకుని పడుకున్నాడు. “నేను కాదండి, నేను కాదండి” అంటూనే ఉన్నాడు. మిగిలిన నలుగురూ దండాలు పెట్టి, కాళ్ళ మీద పడి, అతన్ని మోసుకుపోయారు. కేసు పెడితే రెండు వైపులా ఇరుక్కుంటారని పెద్దలు చెప్పడంతో ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు.

ఆస్పత్రిలో నాన్న తలకి ఏడు కుట్లు వేశారు. సాయంత్రం ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. గ్లాసుతో పాలు తాగి, కళ్ళు మూసుకునే అడిగారు.

“ఆ పొడుగబ్బాయి ఎలా ఉన్నాడమ్మా?”

“బాగానే పడ్డాయిలే నాన్నా. జన్మలో మళ్ళీ పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తడు.”

నాన్న కళ్ళు తెరిచారు.

“అతను చెయ్యెత్తలేదమ్మా. నన్ను ఎత్తుతున్నాడు. ‘తాతగారూ, నా మెడ పట్టుకోండి’ అన్నాడు.”

వంటింట్లోకి వెళ్ళి గ్లాసు కడిగాను. కడిగిందే కడిగాను.

మర్నాడు సెంటర్ ఊడ్చి, గాజుపెంకులు గోనెసంచిలోకి ఎత్తాక, నాలుగో నంబరు విప్పాను. నేను వేసిన నూనెకి దుమ్మంతా అంటుకుని నల్లటి ముద్దయి, ఫ్యాను రెక్క వేలితో నెట్టినా కదల్లేదు.

మూడోనాడు నాన్న తలకి కట్టుతోనే నాతో బయల్దేరారు. వద్దన్నా వినలేదు. పొద్దుటి ప్యాసింజర్‌లో గుడివాడ వెళ్ళి, అడుగుతూ అడుగుతూ వైండింగ్ షాపు పట్టుకున్నాం. పొడుగబ్బాయి వాళ్ళ నాన్న నేల మీద కూర్చుని మోటారు విప్పుతున్నాడు. కొడుకు లోపల బల్ల మీద ఉన్నాడు. చేతికి మోచెయ్యి దాకా సిమెంటుకట్టు. మొహం గుర్తుపట్టేలా లేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

నాన్న కట్టు చూసి ఆ అబ్బాయి తండ్రి గబుక్కున లేచి దణ్ణం పెట్టాడు. “క్షమించండి బాబాయ్ గారూ. మావాడు పెద్దాయన మీద చెయ్యి చేసుకున్నాడని తెలిసి, ఆ రాత్రి నేనూ బెల్టుతో నాలుగు వాయించాను.”

అప్పుడు చెప్పాను. ఫ్యాను సంగతి, నాకు ముందే తెలుసన్న సంగతి, నాన్నని లేపుతున్నవాణ్ణి కొట్టిన సంగతి, వీడే అని చూపించిన సంగతి. నాన్న నా పక్కన నిలబడి, అవునన్నట్టు తల ఊపుతూ ఉన్నారు. ఆ తండ్రి గొంతు పెంచకుండానే అన్నాడు.

“మీరు వెళ్ళిపోండమ్మా. నా చేతిలో స్పానర్ ఉంది. నా మీద నాకు నమ్మకం లేదు.”

మేం వెనక్కి తిరుగుతుంటే లోపల్నుంచి కొడుకు పిలిచాడు.

“మేడమ్. నేను ఆగుతోందన్నప్పుడు మీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి చెప్పలేదేంటండి?”

బందరు గెలవాలని కాదు. నా సెంటర్లో ఒక సిస్టం బాగాలేదని పదిమందిలో ఒప్పుకోవడం ఇష్టంలేక. అంతే. ఆ మాట అతనికి చెప్పడానికి కూడా నోరు రాలేదు.

అవనిగడ్డ కుర్రాణ్ణి మళ్ళీ లోపలికి రానివ్వలేదు. వాడు షటర్ మీద రాయి విసిరి, “ముందు మీ అక్క చేసింది చూసుకోండ్రా” అని లోపలి కుర్రాళ్ళకి వినపడేలా అరిచి వెళ్ళాడు. వాడన్నదీ నిజమే. వీధిలో వాళ్ళకి కూడా నిజం చెప్పాను. అరటిపళ్ళ బండివాడు రెండు రోజులు బండి పెట్టలేదు. మందుల షాపాయన మాత్రం, “పోనీలెండి, తప్పు చెయ్యని మనిషికే పడతాయి దెబ్బలు ఎప్పుడూ” అని తేలిగ్గా అనేశాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం పొడుగబ్బాయి ఒక్కడే వచ్చాడు. కట్టు విప్పేశారు. చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది, మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. నాన్న లేచి తన కుర్చీ ఇవ్వబోయారు. “వద్దు తాతగారూ, కూర్చోండి” అని నా వైపు తిరిగి, “మౌస్ ఎడమచేతికి మార్చి పెడతారా మేడమ్?” అన్నాడు.

సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చి పెట్టాను. అరగంట ఆడాడు. పదో తరగతి పిల్లలు కూడా అతన్ని కాల్చి పారేశారు. ఎవర్నీ ఏమీ అనలేదు. లేచి, నాన్నకి చెప్పి, వాన తగ్గిందో లేదో గుమ్మంలోంచి చూసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత రెండేళ్ళకి సెంటర్ తీసేసేదాకా ఎదురుచూశాను గానీ, అతను మళ్ళీ రాలేదు.