ఎస్తేరు రాణి పంపిన చావు కబురు

బర్మాలో పెగూ వైపు పల్లెలో తెలుగు బడికి వెళ్లి అయిదో తరగతి దాకా చదివాను. ఇన్సేన్ రైలు కార్ఖానాలో లేతు మిషను మీద చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మా క్రైస్తవ సంఘం గుడి ప్రహరీ గోడ నేను దగ్గరుండి కట్టించిందే. మనిషిని చూస్తే అంచనా కట్టగలనని నాకు పేరు. ఎస్తేరు రాణి దగ్గర మాత్రం నా అంచనా చాలాకాలం నిలవలేదు.

ఆమె లత అనే బజారులో మందుల టోకు దుకాణంలో కంప్యూటరు పని చూసేది. పెళ్లి చేసుకోలేదు. ఎవరినీ నమ్మేది కాదు. ఫోను కెమెరా మీద ప్లాస్టరు ముక్క అంటించేది. టీ దుకాణంలో గోడకు వీపు ఆనించే కూర్చునేది. సైన్యం అధికారం లాక్కున్న ఏడాది, జనం నిరసనగా గిన్నెలు మోగిస్తున్న రోజుల్లో, మా సంఘానికి ఒక వెబ్ పేజీ తయారుచేసింది. దాన్ని ఫోనులో తెరిచి ‘అనుమతించు’ అని నొక్కితే చాలు, పేజీ మూసేసినా ఆమె పంపిన కబురు మోగి తెర మీద కనబడేది. ప్రార్థన ఎక్కడ, చావు ఎవరిది, సైనికులు ఏ వీధిలో ఉన్నారు, అన్నీ వచ్చేవి. బర్మా భాషలో రాస్తే సైనికులు చదువుతారని తెలుగు అక్షరాల్లోనే రాసేది. చదవడం రాని కుర్రవాళ్లు ఇంట్లో పెద్దలకు చూపించుకునేవారు.

ఆ ఏప్రిల్‌లో మా సంఘంలో పెద్దావిడ తాయారమ్మ పోయింది. మర్నాడు పొద్దున, మా సంఘంలోనే ఉండే ఆలిస్ కొడుకు ఎడ్విన్ రాజును మింగళాడోన్‌లో పట్టుకున్నారు. అతనిది అక్కడి విమానాశ్రయంలో సామాన్లు మోసే పని. గేటు దగ్గర సైనికుడు ఫోను తనిఖీ చేస్తూ ఉండగానే ఎస్తేరు రాణి కబురు మోగింది. ఇదేమిటో చదవమన్నారు. ఎడ్విన్‌కు చదవడం రాదు. రహస్య భాష అని లోపలేశారు.

ఆలిస్ మా ఇంటికొచ్చింది.

“నిన్న పంపిన కబురు ఇయ్యాల, అదీ సిపాయి సేతిలోనే మోగాలా తాతా? అదే పట్టిచ్చీసింది నా కొడుకుని.”

నాకూ అదే అనుమానం. ఎస్తేరు రాణిని నిలదీశాను.

“పోన్లకి నెట్టు లైను కోసీసినారు కదా,” అంది. “లైను తగిలేదాకా కబురు దారిలోనే కాసుక్కూచుంటాది. గేటు కాడ ఎడ్విన్ ఆపీసు వైఫై తగిలినాది, దిగిపోనాది. ఏటి, నన్నే అనుమానిస్తన్నావా?”

“నువ్వు ఎవుల్ని ఒగ్గినావు గనక?”

“అయితే ఆ గేటు కాడికి నడు, ఆళ్లకి సదివి సెప్దాం. సదవడం నీకొచ్చు, నాకొచ్చు.”

కాపలా గదిలో అధికారి మమ్మల్ని నమ్మలేదు. కార్ఖానాలో నా సర్వీసు చెప్పబోతే వినలేదు. మీ ఇద్దరూ ఇందులో ఏముందో విడివిడిగా బర్మా భాషలో చెప్పండి, తేడా వస్తే ముగ్గురూ లోపలే అన్నాడు. ఆమెను బయటికి పంపి ఎడ్విన్ ఫోను నా ముందు పెట్టాడు.

‘తాయారమ్మ గారు పోయారు. రేపు పదింటికి భూస్థాపన. అయిదుగురికి మించి రాకండి. మలుపులో సైనికులున్నారు, వెనక సందులోంచి రండి.’

చివరి మాట దగ్గర నా నోరు ఆగింది. అది పైకి చెబితే నేరం. దాచడమే స్వభావమైన ఎస్తేరు రాణి దాన్ని ఎలాగూ మింగేస్తుంది. నేనూ మింగేస్తే ఇద్దరి మాటా కలుస్తుంది. ఒకవేళ ఆమె మింగకపోతే? నలభై ఏళ్లు సంఘంలో వాక్యం చదివినవాణ్ణి, ఎన్నడూ ఒక్క అక్షరం దాటేయలేదు. అంతా చెప్పేశాను.

తర్వాత ఆమెను పిలిచారు. బయట బెంచీ మీద నాకు లోపలి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చాలాసేపటికి ఆమె వెనక ఎడ్విన్ వచ్చాడు, పెదవి చిట్లి ఉంది. ఫోను మాత్రం ఇవ్వలేదు.

“సందు మాట సెప్పీసినావా?” అని అడిగాను.

“సెప్పీసినాను, మాట కలిసినాదని ఒదిలినారు. నువ్వు ఒక్క ముక్కా ఒగ్గవు కదా. గుడిలో వాక్యం సదివితే పేజీ నంబరు కూడా సదువుతావు.”

ఎడ్విన్ నవ్వలేదు. బస్సులో ఆమెకు దూరంగా కూర్చున్నాడు. అతని ఫోను సైనికుల దగ్గరే ఉంది, ఇక మన ప్రతి కబురూ అక్కడా మోగుతుందని నాకు అప్పుడు తట్టింది. ఆ ఫోనును జాబితాలోంచి తీసెయ్యమన్నాను.

“జాబితాలో ఏ పోను ఈడిదో నాకు తెల్దు తాతా. దేనికీ ఎవుల పేరూ రాయలేదు. ఒకలు దొరికితే అందరూ దొరుకుతారని.”

“మరేటి సేస్తావు?”

“అందర్నీ తీసీడమే.”

లత బజారు దుకాణంలో మా ఎదుటే జాబితాలోంచి అన్ని ఫోన్లనూ తుడిచేసి, పేజీని కొత్త చిరునామాకు మార్చింది. గంటలోగా అందని కబురు చచ్చిపోయేలా కూడా పెట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ మళ్లీ ‘అనుమతించు’ నొక్కమని అడిగింది. ముందుగా నేను నొక్కాను. నా వెనక కొందరే వచ్చారు. ఆలిస్ మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మాలో ఎవరు పోయినా, ఆ కబురు చెప్పడానికి ఎస్తేరు రాణి ఆలిస్ ఇంటికి నడిచే వెళ్లేది. ఆలిస్ తలుపు తియ్యకుండానే వినేది.